పిల్లల సంగతి ఇంట్లో ఎలా మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి

కొడుక్కో కూతురికో పెళ్ళి చేసి, మనవల కోసం ఎదురుచూస్తున్న వాళ్ళ కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాను. అడగాలని ఉంటుంది, ఎలా అడగాలో తెలియదు. కొందరు అడగకూడని చోట అడుగుతారు, కొందరు అడగకుండానే నెత్తిన కూర్చుంటారు. హైదరాబాద్ బస్తీల్లో ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేసి, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఈ విషయంలో ఇళ్ళలో జరిగేవన్నీ గడప లోపలి నుంచి చూశాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు కుటుంబ నియంత్రణ టార్గెట్లు ఉండేవి. నెలకు ఇన్ని ఆపరేషన్లు, ఇన్ని కాపర్-టీలు అని రాసిచ్చేవారు. 1996లో ఆ టార్గెట్లు ఎత్తేశారు. ఇప్పుడు గాలి అటు నుంచి ఇటు తిరిగింది. ఇద్దరి కంటే ఎక్కువ మందిని కనండని 2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బహిరంగంగానే అన్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధనను ఆ రాష్ట్రం అదే ఏడాది తీసేసింది. కారణం లేకపోలేదు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే ఒక్కో మహిళకు సగటున 2.1 మంది పిల్లలుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సగటు 1.8, ఆంధ్రప్రదేశ్‌ది 1.7.

వృద్ధులు పెరిగి, పనిచేసే వయసు వాళ్ళు తగ్గిపోతారన్న భయం నిజమైనదే. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ అప్పుడు వద్దన్నా, ఇప్పుడు కనమన్నా మనం మాట్లాడుతున్నది ఒకే మనిషి కడుపు గురించి. పిల్లలు కావాలని కోరుకోవడంలో తప్పు లేదు, ఆ కోరిక పైకి చెప్పడంలోనూ లేదు. అవతలి మనిషికి "వద్దు" అనే వీలు లేకుండా చెప్పడంలోనే ఉంది తప్పంతా. ఇక కింద రాసేదంతా ఆ వీలు ఎలా మిగల్చాలన్నదే.

అడిగే ముందు

ముందు మీరు కూర్చుని ఆలోచించుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. వాళ్ళు వద్దంటే నా ప్రవర్తన మారుతుందా? ఫ్లాటు డౌన్‌పేమెంట్‌కి సర్దుతామని చెప్పి, "మనవడు పుట్టాక చూద్దాం" అని వాయిదా వేసిన పెద్దవాళ్ళు నాకు తెలుసు. నగలు బీరువాలోనే ఉంచి, సీమంతం రోజు ఇస్తామన్న అత్తగార్లూ తెలుసు. అది ప్రోత్సాహం కాదు, బేరం. మీరు ఇవ్వదలచుకున్నది పిల్లలున్నా లేకపోయినా ఇవ్వగలిగితేనే నోరు తెరవండి. లేకపోతే ముందు ఆ ముడి విప్పుకోండి.

రెండోది, ఎవరిని అడగాలి. మన ఇళ్ళలో అందరూ కోడల్నే అడుగుతారు. వంటింట్లో ఒంటరిగా దొరికినప్పుడు, జడ వేస్తూ వేస్తూ, "ఏం బిడ్డా, ఏమన్న విశేషం ఉన్నదా?" అని. ఆ పిల్ల తన మొగుడి సంగతి, తన ఒంటి సంగతి, ఆఫీసు సంగతి అన్నీ కలిపి అక్కడికక్కడ జవాబు తయారు చేసుకోవాలి. ఎవరి బిడ్డని వాళ్ళు అడగండి. కొడుకు తల్లిదండ్రులు కొడుకుని, కూతురి తల్లిదండ్రులు కూతుర్ని. కొడుకు జవాబు చెప్పలేక నసిగితే, వాళ్ళిద్దరి మధ్య ఆ మాట ఇంకా తేలలేదని అర్థం. తేలేదాకా మనకు పని లేదు.

ఎక్కడ అడగకూడదన్నది అంతకంటే ముఖ్యం. గృహప్రవేశాల్లో, బారసాలల్లో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో అడగకండి. మా మల్కాజ్‌గిరి అపార్ట్‌మెంట్లో ఒక శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్ళాను. తాంబూలం ఇస్తూ పెద్దావిడ ఒకరు, "వచ్చే శ్రావణానికి ఒళ్ళో బిడ్డతో రావాలి మరి" అంది పక్కనున్న అమ్మాయితో. ఆవిడ మనసులో చెడ్డ లేదు. ఆ అమ్మాయి నవ్వి, పమిట కొంచెం కిందికి లాక్కుంది. పిల్లల కోసం చేయించుకునే ఐవీఎఫ్ చికిత్స ఇంజెక్షన్లు పొడిపించుకున్న చోట ఆమె పొత్తికడుపంతా నీలం మచ్చలు. ఆ రాత్రి తీసుకోవాల్సిన మందు వాళ్ళ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన స్టీలు డబ్బాలో ఉంది. ఇంజెక్షన్ చేయడానికి రోజూ వెళ్ళేది నేనే కాబట్టి నాకు తెలుసు. ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. నలుగురిలో అడిగిన ప్రశ్నకు నిజం చెప్పలేరు, అబద్ధం చెప్పడానికి మనసొప్పదు.

అడిగేటప్పుడు

ఒక్కసారే అడగండి. ఇంట్లో, తీరిగ్గా ఉన్నప్పుడు, వేరే ఎవరూ లేనప్పుడు. మాట ఇలా ఉంటే చాలు:

"ఒరేయ్ నాన్నా, మనవలుంటే బాగుండునని నాకూ మీ నాన్నకూ ఉంది. అది మా కోరిక. మీరిద్దరూ ఏమనుకున్నా మాకు సమ్మతమే. చేతనైన సాయం మేము చేస్తాం. మళ్ళీ నేను అడగను, చెప్పాలనిపిస్తే మీరే చెప్పండి."

"మళ్ళీ నేను అడగను" అన్న మాట మీద నిలబడటం కష్టం, కానీ ఈ మొత్తం వ్యవహారంలో బలమున్న మాట అదే. పండక్కి వచ్చినప్పుడు నిట్టూర్చడం, ఎదురింటి వాళ్ళ మనవరాలి ఫోటోలు పంపడం, "మా ఆయుష్షు ఎంతో తెలియదు" అనడం, ఇవన్నీ మళ్ళీ అడగడం కిందికే వస్తాయి.

వయసు గురించి చెప్పాలా వద్దా అని చాలామంది అడుగుతారు. చెప్పండి, అది కూడా ఒక్కసారే, బెదిరించకుండా. ఆడవాళ్ళకు ముప్పై అయిదు దాటాక గర్భం నిలిచే అవకాశం తగ్గుతూ వస్తుంది. మగవాళ్ళ వయసు ప్రభావమూ ఉంటుంది. ఆలస్యంగా కందామనుకునేవాళ్ళు ఒకసారి డాక్టర్ని కలిసి మాట్లాడుకుంటే మంచిది. నిజం దాచిపెట్టినా వాళ్ళ స్వేచ్ఛ తగ్గినట్టే, భయపెట్టి చెప్పినా తగ్గినట్టే.

ఇంకొకటి. పూజ ఉన్న రోజుల్లో కోడలు ఎప్పుడు "బయట" ఉందో అత్తగారికి తెలుస్తుంది. ఆ తేదీలు మనసులో పెట్టుకుని, నాలుగు రోజులు ఆలస్యమైతే మొహంలో వెలుగు, మళ్ళీ వస్తే మాట తగ్గించడం చాలా ఇళ్ళలో చూశాను. ఆ పిల్ల తన నెలసరికే ఇంట్లో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు బతుకుతుంది. ఆ లెక్క మానేయండి.

చిన్నవాళ్ళకు కూడా ఒక మాట. జవాబు చెప్పే బాధ్యత ఎవరి తల్లిదండ్రుల దగ్గర వాళ్ళది. "అమ్మా, ఈ సంగతి మేమిద్దరం చూసుకుంటున్నాం, చెప్పేది ఉంటే నేనే చెప్తా. తనని అడగొద్దు" అని కొడుకు ఒక్కసారి గట్టిగా అంటే చాలా ఇళ్ళలో సగం టెన్షన్ తీరిపోతుంది. మొగుడే బలవంతం చేస్తుంటే, మాత్రలు దాచేయడం, కాపర్-టీ తీయించుకోమని కొట్టడం లాంటివి జరుగుతుంటే, అది పెద్దల మాట పట్టింపు కాదు, హింస. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

సాయం చేస్తామంటే ఏం చేయాలి

ప్రోత్సాహం అంటే పిల్లల్ని కనడానికి అడ్డంగా ఉన్న బరువుల్లో కొన్నింటిని మనం దింపడం. మాటలతో అది అయ్యేది కాదు. "మీరు కనండి, మేము పెంచుతాం" అని అందరూ అంటారు. కన్నాక మోకాళ్ళ నొప్పులు గుర్తొస్తాయి.

నాగోల్లో ఉంటూ రాయదుర్గంలో ఉద్యోగం చేసే అమ్మాయి రోజు తీసుకుందాం. మెట్రోలో దాదాపు గంట, ఇంటి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఆఫీసుకి ఆటోలు. పొద్దున్న ఎనిమిదికి బయల్దేరితే రాత్రి ఎనిమిదికి ఇల్లు. ఆ పన్నెండు గంటలు బిడ్డ ఎవరి దగ్గర? రాత్రి రెండింటికి లేచేదెవరు? జ్వరం వస్తే సెలవు పెట్టేదెవరు? ఆమె వద్దనడానికి కారణం మనవలంటే ఇష్టం లేక కాదు, ఈ మూడు ప్రశ్నలకూ జవాబు తన పేరే అని తెలిసి కావచ్చు. కాబట్టి గోడ కేలండర్ ముందు కూర్చుని మాట్లాడండి. వారంలో ఏ రోజులు అమ్మమ్మ, ఏ రోజులు నానమ్మ, ఏ రాత్రులు తండ్రి. మొదటి ఏడాది ఎన్ని నెలలు, తర్వాత ఎలా. చేయలేనిది ముందే చేయలేనని చెప్పండి. అరవై దాటిన ఆడవాళ్ళకు కూడా తమ రోజులు తమవన్న హక్కుంది. మనవల్ని పెంచడం అమ్మమ్మ మీద రాసిపెట్టిన డ్యూటీ అన్నట్టు మాట్లాడే పిల్లల్నీ చూశాను, అదీ న్యాయం కాదు.

చట్టం ఇచ్చినవి తెలుసుకోవడం కూడా సాయమే. 2017 సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు. అప్పటికే ఇద్దరున్న తల్లికి 12 వారాలే. కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు అక్కడ పనిచేసి ఉండాలి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు ఉండాలి. ఆఫీసులో క్రెష్ ఉందా అని హెచ్ఆర్‌ని అడగమని కొడుక్కి చెప్పండి, కోడలికి కాదు. క్రెష్ తల్లుల కోసమే అనుకునే ఆఫీసులు తండ్రులు అడిగితేనే కదులుతాయి. బస్తీలో ఉండేవాళ్ళకు అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం ఉంది. సిగ్గుపడి వెళ్ళని వాళ్ళున్నారు, తోడు వెళ్ళండి.

ఇక కాన్పు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలో ఇదే ఎక్కువ. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, దానికి భయపడొద్దు. కానీ ముహూర్తం చూసి కోయించమని డాక్టర్ దగ్గర పట్టుబట్టేది చాలాసార్లు మనమే. కోత ఎవరి ఒంటి మీదో ఆ మనిషి మాట ముందు వినాలి. మొదటి బిడ్డ పుట్టిన నెలకే రెండోదాని ఊసు ఎత్తొద్దు. ఒక కాన్పుకూ మళ్ళీ గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ళు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

పిల్లలు కలగడం లేదంటే

ఏడాది పాటు ఏ జాగ్రత్తా లేకుండా కలిసి ఉన్నా గర్భం రాకపోతే పరీక్షలకు వెళ్ళాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఇద్దరూ వెళ్ళాలి. వీర్య పరీక్ష చవక, నొప్పి లేనిది, ఒక్కరోజులో అయిపోయేది. అయినా ఆ అమ్మాయికి స్కానింగులు, గొట్టాల పరీక్షలు అన్నీ అయ్యాక చివర్లో అబ్బాయిని పంపుతారు. మొదట్లోనే పంపండి. లోపం మగవాళ్ళ వైపు ఉన్న కేసులు మీరనుకునే దానికంటే చాలా ఎక్కువ.

నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం, చిలుకూరు ప్రదక్షిణలు మీ నమ్మకం. ఆమెకూ నమ్మకం ఉంటే కలిసి వెళ్ళండి. ఆమె చేత ఉపవాసాలు చేయించడం వేరు. ఐవీఎఫ్ ఎన్నిసార్లు చేయించుకోవాలి, ఎప్పుడు ఆపాలి అన్నది కూడా ఆ ఇద్దరి మాటే. డబ్బు మనమిచ్చినా సరే. ఇంక చాలు అని వాళ్ళంటే, "ఇంకొక్కసారి" అనకండి.

సీమంతంలో పిల్లలు లేని వాళ్ళని గాజులు తొడగడానికి పిలవకుండా దాటేసే పద్ధతి ఇంకా ఉంది. నాంపల్లి పక్కన రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆస్పత్రికి నగరంలో వెళ్ళని తల్లి అరుదు. ఆ పేరు ఏడో నిజాం చిన్న కోడలిది. ఆమెకు పిల్లలు కలగలేదు. తన దగ్గర పనిచేసిన అమ్మాయి కాన్పులో చనిపోతే, ఇంకెవరికీ అలా కాకూడదని ఆస్పత్రి కోసం పట్టుబట్టింది. 1953 నుంచి ఆ ఆస్పత్రి పిల్లల్ని బతికిస్తోంది. పిల్లలు లేని ఆడదాని చెయ్యి శుభానికి పనికిరాదనే వాళ్ళకు నేను ఆ గేటు చూపిస్తాను.

గర్భం వచ్చాక వద్దనుకుంటే

ఇది రాయడానికి చాలామంది వెనకాడతారు, కానీ బయటికి చెప్పుకోలేక ప్రాణం మీదికి తెచ్చుకున్న వాళ్ళను చూసినదాన్ని కాబట్టి రాస్తాను. మన దేశంలో 1971 నుంచి గర్భస్రావానికి చట్టం ఉంది, 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల దాకా కొన్ని వర్గాల వారికి ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. పెళ్ళి కాని వాళ్ళను ఇందులోంచి మినహాయించడానికి వీల్లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పద్దెనిమిది దాటిన మహిళకు ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్తది, అత్తమామలది అక్కర్లేదు. ఆమె పేరు బయటపెట్టకూడదు. మందుల షాపులో మాత్రలు కొనుక్కుని ఇంట్లో మింగొద్దు, గుర్తింపు ఉన్న ఆస్పత్రికే వెళ్ళాలి.

ఆడపిల్ల అని తెలుసుకుని గర్భం తీయించమనడం పూర్తిగా వేరు సంగతి. లింగ నిర్ధారణ 1994 చట్టం కింద నేరం. రెండోసారీ ఆడపిల్లే అయితే మూడోదాని కోసం పోరు పెట్టేవాళ్ళు, "వంశం" అన్న మాట నోటి దాకా వచ్చినప్పుడే ఆపుకోవాలి.

చాలనుకున్నాక

పిల్లలు చాలనుకున్నా ఆపరేషన్ ఆమెకే అన్నది మన రాష్ట్రంలో పాతుకుపోయింది. అదే 2019-21 సర్వేలో కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు వందలో 60 మందికి పైనే, మగవాళ్ళ ఆపరేషన్ మాత్రం వందలో రెండుకు అటూ ఇటూ. మగవాళ్ళది చిన్నది, కుట్లు ఉండవు, అదే రోజు ఇంటికి రావచ్చు. మూడు నెలల పాటు ఇంకో పద్ధతి వాడి, పరీక్ష చేయించుకుంటే చాలు. మగతనం తగ్గుతుందన్నది వట్టి అపోహ. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో కు.ని. శిబిరంలో ఆపరేషన్ అయిన నలుగురు మహిళలు చనిపోయారు. చిన్న పిల్లల తల్లులు. శిబిరాలు ఆపాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వార్త విన్నప్పటి నుంచి నేను ప్రతి ఇంట్లో మొదట భర్తతోనే మాట్లాడుతున్నాను.

ఆపరేషనే వద్దనుకుంటే పదేళ్ళు పనిచేసే కాపర్-టీ ఉంది, మూడు నెలలకోసారి వేయించుకునే "అంతర" అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఉంది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఏది కావాలో కాన్పు నొప్పులు పడుతూ తేల్చుకునేది కాదు. ఏడో నెలలోనే మాట్లాడుకుని గర్భిణి కార్డు మీద రాయించుకోండి.

ముగ్గురు, నలుగురు కావాలనుకునే వాళ్ళనూ వదిలేయండి. "ఈ రోజుల్లో ముగ్గురేంటి" అని కోఠి ప్రసూతి ఆస్పత్రి వరండాలో మూడో కాన్పు తల్లిని తోటి ఆడవాళ్ళే ఎగతాళి చేయడం విన్నాను. కనకుండా ఉండే హక్కు ఎంత ఆమెదో, కనే హక్కూ అంతే ఆమెది. వాట్సాప్‌లో "వాళ్ళు పెరిగిపోతున్నారు, మనం తగ్గిపోతున్నాం" అని మతం పేరుతో లెక్కలు తిరుగుతుంటాయి. 1992-93లో ముస్లిం మహిళకు సగటున 4.4 మంది పిల్లలుంటే, 2019-21 నాటికి అది 2.4కు దిగింది. అందరిళ్ళలోనూ తగ్గుతోంది. ఆ మెసేజ్ చూపించి కోడల్ని ఇంకొకర్ని కనమనడం కంటే అన్యాయం ఉండదు.

నాయకులు కనమంటే

ప్రభుత్వం తాయిలం ప్రకటించినప్పుడు రెండు సంగతులు చూడండి. తీసుకోని వాళ్ళకు ఏమైనా నష్టముందా? రేషన్ కార్డో, ఉద్యోగమో, పోటీ చేసే హక్కో పిల్లల సంఖ్యకు ముడిపెడితే అది ప్రోత్సాహం కాదు, శిక్ష. ఎమర్జెన్సీలో, ఒక్క 1976-77లోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎంతోమందికి బలవంతంగా. రుమేనియాలో 1966లో గర్భస్రావాన్ని నిషేధించి, గర్భనిరోధకాలు దొరక్కుండా చేశారు. మరుసటి ఏడాది కాన్పులు దాదాపు రెట్టింపయ్యాయి, తర్వాత మళ్ళీ పడిపోయాయి. దొంగచాటు గర్భస్రావాల్లో వేలమంది ఆడవాళ్ళు చనిపోయారు. అక్కడి నియంత కూలిపోయిన 1989 దాకా అదే నడిచింది.

రెండోది, ఆ డబ్బు కాన్పు రోజు కోసమా, తర్వాత ఇరవై ఏళ్ళ కోసమా? కాన్పు నాడు ఇచ్చే కొన్ని వేలు మంచివే, కాదనను. కానీ ప్రైవేట్ స్కూల్లో ఎల్‌కేజీ ఫీజు ముందు అవి నిలబడవు. కాబట్టి కార్పొరేటర్ మీ కాలనీ మీటింగుకి వచ్చి ఎక్కువ మంది పిల్లల్ని కనమంటే, మన వార్డులో అంగన్‌వాడీకి సొంత గది ఎప్పుడు కడతారని, ప్రైమరీ స్కూల్లో ఎంతమంది టీచర్లున్నారని, సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రం ఎక్కడ పెడతారని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి, సంతకం, తేదీతో సహా.